తిరుచానూరు స్పీకరు గారి గురించి మన అయ్యవార్లకు, టీచరమ్మలకు

తిరుపతి, చిత్తూరు జిల్లాల బడుల్లో సోషల్ చెబుతున్న అయ్యవార్లకు, టీచరమ్మలకు,

నమస్కారం.

31 ఏళ్లు నేనూ మీలాగే చాక్‌పీసు పట్టుకున్నదాన్నే. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పాను. పార్లమెంటు పాఠం ఏటేటా చెప్పాను. బోర్డు మీద రెండు డబ్బాలు గీసి, ఒకదాంట్లో లోక్‌సభ, రెండోదాంట్లో రాజ్యసభ అని రాసి, మధ్యన బాణం వేసి, పైన రాష్ట్రపతి సంతకం అని పెట్టేదాన్ని. పిల్లలు ఆ బొమ్మను నోట్సుల్లో దించుకునేవాళ్లు. ఆ బొమ్మలో మన ఊరి మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడని రిటైరైన రెండేళ్లకు గానీ నాకు తెలియలేదు. మీకూ మీ పిల్లలకూ అంత ఆలస్యం కాకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

తెలిసింది ఎట్లాగంటే, మా అన్న మనవరాలు గ్రూప్స్‌కు చదువుకుంటూ మా ఇంట్లో ఉండేది. ఒకనాడు పొద్దున్నే వసారాలో తిరుగుతూ బిట్లు వల్లె వేస్తోంది. "పార్లమెంటు తొలి సంయుక్త సమావేశం, 1961, వరకట్న నిషేధ బిల్లు" అంది. కాసేపటికి పేజీ తిప్పి, "లోక్‌సభ స్పీకర్లు. మౌలంకర్, 1952 నుంచి 56. అనంతశయనం అయ్యంగార్, 56 నుంచి 62" అంది. వంటింట్లో కొత్తిమీర తుంచుతున్న నా చెయ్యి ఆగిపోయింది. 56 నుంచి 62 అంటే 61 అందులోనే ఉంది. సంయుక్త సమావేశానికి అధ్యక్షత వహించేది స్పీకరేనని రాజ్యాంగం 118వ అధికరణం చెబుతుందని నేనే వందల మంది పిల్లలకు చెప్పాను. అనంతశయనం అయ్యంగారు తిరుచానూరు ఆయనని కూడా ఎప్పుడో ఎవరో అంటే విన్నాను. మూడు ముక్కలూ విడివిడిగా నా దగ్గర ఉన్నాయి. ఒకచోట పెట్టి చూసుకోవాలని ఇన్నేళ్లలో ఒక్కసారీ తోచలేదు.

కట్నం తీసుకోవడం నేరమని ఈ దేశపు రెండు సభలూ ఒకచోట కూర్చుని తేల్చిన రోజున, అందరికన్నా పైన ఉన్న కుర్చీలో కూర్చున్నది పద్మావతమ్మ గుడి ఊళ్లో పుట్టిన మనిషి.

నా పెళ్లి 1983లో ఆ ఊళ్లోనే ఒక సత్రంలో జరిగింది. మా నాయన చెరువు కింద ఎకరా మడి అమ్మి కట్నం ఇచ్చాడు. చట్టం వచ్చి అప్పటికి 22 ఏళ్లు. ముహూర్తానికి ముందు రాత్రి, గుడి దగ్గర నాదస్వరం వినబడుతుండగా, నాయన గుడ్డసంచిలోంచి నోట్ల కట్టలు తీసి లెక్క ఒప్పజెప్పడం పెళ్లికూతురి గది గడప దగ్గర నిలబడి చూశాను. స్కూటరు సంగతి వేరే. అది కట్నంలోకి రాదు, అల్లుడికి కానుక అన్నారు. ఆ రాత్రి అక్కడ చదువుకున్నవాళ్లు పది మందైనా ఉన్నారు. ఇది నేరం అనే మాట ఒక్కరి నోటా రాలేదు. నా నోటా రాలేదు. అప్పటికే నేను బీఎడ్ చదివి ఉన్నాను.

ఉద్యోగంలో చేరాక, ఎనిమిదో తరగతికి సాంఘిక దురాచారాల పాఠం చెబుతున్నప్పుడు ఒక ఆడపిల్ల లేచి అడిగింది: "టీచర్, ఆ చట్టం ఎవరు చేసినారు?" నేను "పార్లమెంటు చేసింది, కూర్చో" అన్నాను. జవాబు తప్పేమీ కాదు. కానీ ఆ పిల్ల ముఖంలో వెలుగు ఆరిపోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పార్లమెంటు అంటే ఆ పిల్లకు ఢిల్లీలో ఎక్కడో ఉన్న గుండ్రటి భవనం, పుస్తకంలో బొమ్మ. "ఇదిగో, నువ్వు పంచమి తీర్థానికి పోతావే, ఆ ఊళ్లో పుట్టి తిరుపతిలో చదువుకున్న ఆయన ఆ సభను నడిపించినాడు" అని ఉంటే ఆ పిల్ల ఇంకో ప్రశ్న అడిగేది. ఇంటికి పోయి వాళ్ల నాయననూ అడిగి ఉండేదేమో.

ఆయన సంగతులు కొన్ని చెబుతాను. మాడభూషి అనంతశయనం అయ్యంగారు 1891 ఫిబ్రవరి 4న తిరుచానూరులో పుట్టారు. తిరుపతి దేవస్థానం హైస్కూల్లో చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో బీఏ, ఆ తర్వాత లా చేశారు. ఉద్యోగం మొదట దేంతో మొదలుపెట్టారో తెలుసా? లెక్కల పంతులుగా. 1912లో. మన కులంవాడే, అంటే పంతుళ్ల కులంవాడని. ఆ తర్వాత ప్లీడరై చిత్తూరులో పేరు తెచ్చుకున్నారు. సహాయ నిరాకరణ రోజుల్లో ఏడాది పాటు ప్రాక్టీసు మానేశారు. 1934లో కేంద్ర శాసనసభకు గెలిచారు. వ్యక్తి సత్యాగ్రహంలో ఒకసారి, 1942 క్విట్ ఇండియాలో మరోసారి జైలుకు వెళ్లారు. శ్రీవైష్ణవ సంప్రదాయంలో పుట్టి పెరిగిన మనిషి, అంటరానితనం పోవాలని హరిజన సేవక సంఘంలో పనిచేశారు. రాజ్యాంగ సభలో సభ్యుడు. 1952లో తిరుపతి నుంచి, 1957లోనూ 1962లోనూ చిత్తూరు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇవాళ పాత జిల్లా విడిపోయింది గానీ ఆయన తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాలకూ చెందినవాడు. ఎవరూ వంతులు వేసుకోనక్కర లేదు. తొలి లోక్‌సభలో డిప్యూటీ స్పీకరు. 1956 ఫిబ్రవరిలో మౌలంకర్ పోయాక మార్చిలో స్పీకరయ్యారు. ఆ తర్వాత బీహారు గవర్నరు. 1978 మార్చిలో పోయారు.

వీటిని పిల్లల చేత బట్టీ పట్టించమని అడగడం లేదు. మా మనవరాలు బట్టీ పట్టింది, ఏం లాభం? ఆయన కూర్చున్న కుర్చీ ఎట్లాంటిదో వాళ్లకు అర్థం కావాలి. నాకు అర్థమైనంత మీతో పంచుకుంటాను.

ఎల్‌ఐసీ డబ్బు విషయం తీసుకోండి. 1957లో, కొత్తగా పెట్టిన జీవిత బీమా సంస్థ డబ్బు కోటీ పాతిక లక్షల దాకా ముంద్రా అనే ఒక వ్యాపారి కంపెనీల వాటాల్లో పెట్టారని సభలో ప్రశ్న వచ్చింది. దాన్ని పట్టుకుని వదలకుండా నిలదీసిన సభ్యుడు ఫిరోజ్ గాంధీ. ఆయన అధికార పక్షం మనిషి, పైగా ప్రధాని నెహ్రూ అల్లుడు. జవాబు చెప్పాల్సిన ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి అదే పక్షం. స్పీకరు గారూ ఆ పక్షం టికెట్టు మీద గెలిచినవారే. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంచుదాం అనుకుని ఉంటే నలుగురూ కలిసి ఎక్కడో ఒకచోట మాట్లాడుకుని ముగించేవాళ్లు. సభలో చర్చ జరిగింది. జస్టిస్ ఛాగ్లా విచారణ అందరి ముందూ జరిగింది. 1958 ఫిబ్రవరిలో మంత్రి రాజీనామా చేశారు. దీనికంతటికీ మొదలు ఒక ప్రశ్న. ప్రశ్న అడగనివ్వడమే ఆ కుర్చీ పని. పాఠంలో మనం "స్పీకరు సభా కార్యక్రమాలను క్రమబద్ధం చేయును" అని ఒక వాక్యంతో దాటేస్తాం. క్రమబద్ధం చేయడమంటే ఏమిటో ఈ ఒక్క ఉదంతం చెబితే పిల్లలకు చాలు.

లెక్కల పంతులు గారి మరో ముద్ర అంచనాల సంఘం. 1950లో పెట్టిన ఆ సంఘానికి తొలి రోజుల్లో ఆయనే అధ్యక్షుడు. ప్రభుత్వం ఏ శాఖకు ఎంత ఖర్చు రాసింది, ఎక్కడ మిగల్చవచ్చు అని పద్దులు విప్పి చూడడం దాని పని. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశంలో, తమ ప్రభుత్వం లెక్కలనే తాము అడగవచ్చని తెలియాలంటే ముందు ఎవరో ఒకరు కూర్చుని అడగాలి కదా.

ఇక 1961 మే నెల. మన రాష్ట్రం అప్పటికే, 1958లోనే, సొంతంగా వరకట్న నిషేధ చట్టం చేసుకుని ఉంది. కేంద్రంలో బిల్లు రెండు సభల మధ్య ఇరుక్కుపోయింది. కట్నం అనే మాటకు హద్దు ఎక్కడ గీయాలన్న దగ్గర ఒక సభ ఒకటి అంటే ఇంకో సభ మరొకటి అంది. ఎవరూ తగ్గలేదు. అట్లాంటప్పుడు ఏం చేయాలో రాజ్యాంగం 108వ అధికరణంలో ఉంది గానీ, అంతకు ముందు ఎవరూ దాన్ని వాడి చూడలేదు. మే 6న, మళ్లీ 9న రెండు సభలవాళ్లూ కలిసి కూర్చున్నారు. కొత్త దారి. దానికి పెద్ద తిరుచానూరు ఆయన. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక బిల్లు కోసం అట్లా కలిసి కూర్చున్నది మొత్తం మూడుసార్లే: 1961, 1978, 2002. వాటిలో మొదటిది ఆడపిల్లల కోసం జరిగిందని పిల్లలకు చెప్పండి. ముఖ్యంగా మగపిల్లలకు చెప్పండి.

ఆ చట్టం గొప్పదని పొగడను. కట్నానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అన్నారు. పెళ్లిలో ఇచ్చే కానుకలు, పెళ్లికి ప్రతిఫలంగా ఇస్తే తప్ప, కట్నం కిందికి రావని ఒక వివరణ చేర్చారు. నా పెళ్లినాటి స్కూటరు ఆ సందులోంచే బయటికి పోయింది. చట్టం చదివి అది నాకు అర్థమైన రోజున చాలాసేపు ఏడ్చాను. 1984లో, 1986లో సవరణలు వచ్చి ఆ వివరణ పోయింది, శిక్ష కనీసం 5 ఏళ్లకు పెరిగింది. అయినా మన జిల్లాల్లో పెళ్లి చూపుల్లో ఇప్పటికీ ఏం మాట్లాడుకుంటారో మీకు తెలియనిది కాదు. చట్టం చేసిన సభ మీద నాకు కోపం లేదు. కుదరని మాటను మూలన పడేయకుండా, ఎదురెదురుగా కూర్చుని తేల్చుకున్నారే, ఆ పద్ధతి మన ఇళ్లకు రాలేదే అని బాధ. ఆ రాత్రి సత్రంలో ఒక్క మనిషి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నాయన మడి మిగిలేదో లేదో గానీ, ఆ మాట ఒకటి గాల్లో ఉండేది.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. సెప్టెంబరు 5 వస్తే మనమంతా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పటానికి దండ వేస్తాం. ఆయన 1888లో తిరుత్తణిలో పుట్టారు, 1896లో తిరుపతికి వచ్చి లూథరన్ మిషన్ బడిలో చేరారు. 1952 నుంచి 1962 దాకా ఉపరాష్ట్రపతి హోదాలో రాజ్యసభ అధ్యక్షుడు. ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టండి. 1956 మార్చి నుంచి 1962 ఏప్రిల్ దాకా, ఆరేళ్ల పాటు, భారత పార్లమెంటు రెండు సభల కుర్చీల్లోనూ చిన్నప్పుడు తిరుపతి బడుల్లో చదువుకున్నవాళ్లే కూర్చున్నారు. ఒకరిది మిషన్ బడి, ఒకరిది దేవస్థానం బడి. నేను బోర్డు మీద గీసిన రెండు డబ్బాలూ మనవే!

ఆ ఆరేళ్లలోనే పార్లమెంటు ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దులు మార్చే చట్టం చేసింది. సరిహద్దు తగాదాకు మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ ఇచ్చిన తీర్పు మేరకు 1960 ఏప్రిల్ 1న మన చిత్తూరు జిల్లా నుంచి తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లిపోయింది. లోక్‌సభ కుర్చీలో చిత్తూరు నుంచి గెలిచిన మనిషి, రాజ్యసభ కుర్చీలో తిరుత్తణిలో పుట్టిన మనిషి. వాళ్ల మనసుల్లో ఏముందో గానీ సభ నడిచింది, బిల్లు పాసైంది. స్పీకరు మామూలుగా ఓటు వేయడని, ఇటూ అటూ సమానమైతేనే వేస్తాడని మనం పాఠంలో చెబుతాం. ఎందుకు వేయకూడదు అని పిల్లవాడు అడిగితే ఈ కథ చెప్పండి. సొంత జిల్లా ముక్కైపోతున్నప్పుడు కూడా కుర్చీలో కూర్చున్నవాడు ఎవరి పక్షమూ కాకుండా కూర్చోవాలి. అది ఎంత కష్టమో ఎనిమిదో తరగతి పిల్లలకు తెలుస్తుంది. కబడ్డీలో రెఫరీగా నిలబెట్టిన ప్రతి పిల్లవాడికీ తెలుస్తుంది.

తిరుపతిలో ఇవాళ జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం అంటున్నామే, అప్పట్లో అది సంస్కృత విద్యాపీఠం, దాని భవనాలకు 1962 జనవరిలో శంకుస్థాపన చేసింది రాధాకృష్ణన్ గారు. అయ్యంగారు తర్వాతి రోజుల్లో ఆ విద్యాపీఠం బాధ్యతలు చూశారు. ఢిల్లీలో ఎదురెదురు సభలు నడిపిన ఇద్దరి పేర్లూ మళ్లీ మన ఊళ్లో ఒక చదువులమ్మ గుడి దగ్గర కలిశాయి. పిల్లల్ని ఆ గేటు ముందు నుంచి బస్సులో తీసుకుపోయినప్పుడు ఒక్క నిమిషం ఆపి చూపించండి.

మీకు నా విన్నపం చిన్నది. ఫిబ్రవరి 4న, ఆదివారం పడితే ముందు రోజు, ఒక్క పీరియడు ఆయన పేరున కేటాయించండి. దండలు, ఉపన్యాసాలు వద్దు. బెంచీలు ఎదురెదురుగా వేసి సభ పెట్టించండి. యూత్ పార్లమెంటు పోటీలకు నేను పిల్లల్ని తయారు చేశాను. ప్రశ్నలూ నేనే రాసిచ్చేదాన్ని, జవాబులూ నేనే రాసిచ్చేదాన్ని, ఎక్కడ బల్ల చరచాలో కూడా చెప్పేదాన్ని. షీల్డు వచ్చింది. ఒక్క బిడ్డా ఒక్క సొంత ప్రశ్న అడగలేదు. దయచేసి అట్లా చేయకండి. ప్రశ్నలు వాళ్లనే రాసుకురమ్మనండి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఎందుకు చిన్నదైంది, ఆడపిల్లల బాత్రూముకు గడియ ఎప్పుడు పెడతారు, ఆటల పీరియడు లెక్కల సారుకు ఎందుకు పోతోంది. ఏదైనా సరే. మంత్రి స్థానంలో హెడ్మాస్టరు గారినే కూర్చోమని అడగండి. లేచి నిలబడి "గౌరవ సభ్యురాలు అడిగిన దానికి" అని మొదలుపెట్టి నిజమైన జవాబు చెప్పమనండి. ఇది కొంతమంది హెడ్మాస్టర్లకు రుచించదని తెలుసు. నేనే వాళ్ల స్థానంలో ఉంటే నాకూ చెమటలు పట్టేవి. అయినా అడగండి.

స్పీకరు కుర్చీలో తరగతిలో ఎప్పుడూ మాట్లాడని పిల్లను కూర్చోబెట్టండి. ఫస్టు ర్యాంకు వాళ్లకు ఇవ్వకండి. మాట్లాడేవాళ్లను మాట్లాడనివ్వడం, అరిచేవాడిని కూర్చోబెట్టడం, తనకు నచ్చని మాటకూ సమయం ఇవ్వడం, ఇదీ ఆమె పని అని ముందే చెప్పండి. తొమ్మిది, పది తరగతులైతే ఒక బిల్లు కూడా పెట్టించండి. తొమ్మిది ఒక సభ, పది ఇంకో సభ. కట్నం అంటే ఏది, కానుక అంటే ఏది, హద్దు మీరే గీయండి అని వాళ్లకే వదిలేయండి. రెండు తరగతులకూ కుదరకపోతే అందరినీ చెట్టు కిందికి పిలిచి కలిపి కూర్చోబెట్టండి. 1961 మే నెల వాళ్లకు అప్పుడు పుస్తకం లేకుండానే వచ్చేస్తుంది. ఆ సాయంత్రం వాళ్లు ఇంటికి పోయి ఏం అడుగుతారో దానికి మీరు జవాబుదారీ కారు. తల్లిదండ్రులు వచ్చి కోప్పడితే, ఫలానా రిటైరైన టీచరు చెప్పిందని నా మీద పెట్టండి.

నా దగ్గర ఆ సమావేశం గురించి రాసుకున్న నోట్సు ఉంది, తెలుగులోనే, పిల్లలకు అర్థమయ్యేట్టు. తిరుచానూరు నుంచి బస్సు దొరికే ఏ బడికైనా ఆ రోజు నేనే తెచ్చిస్తాను. పొద్దున ఒక బడి, మధ్యాహ్నం ఒక బడి పెట్టుకుంటాను. మాట్లాడమని నన్ను పిలవకండి. వెనక బెంచీలో చోటు ఇస్తే చాలు, పిల్లలు అడిగే ప్రశ్నలు రాసుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచరు
తిరుచానూరు